విమలమ్మ గారి బాణం

బన్సీలాల్‌పేట్‌లో ఓ రక్తపరీక్షల ల్యాబ్‌కి నేను సాఫ్ట్‌వేర్ రాసిచ్చి ఏడాదైంది. అక్కడ కౌంటర్లో కూర్చునే విమలమ్మకి రెండు కళ్లలోనూ శుక్లాలు. తెల్లటి విండో మీద సన్నటి తెల్ల మౌస్ బాణం ఆవిడ కంటికి ఆనదు. రోజూ పదకొండింటికి ఫోను.

"ఉదయ్ సారూ, బాణం మల్ల వోయింది. ఏడున్నదో జెర చెప్పుండ్రి."

చిలకలగూడలో నా గదిలో కూర్చుని నేనేం చెప్పను? మౌస్‌ని గట్టిగా అటూ ఇటూ కదపమనేవాణ్ణి. బాణం దొరికాక కూడా ఆవిడ ఫోన్ పెట్టేది కాదు. టిఫిన్ చేశానో లేదో ఆరా తీసేది, ఎండని తిట్టేది. మొదట్లో చెవిలో జోరీగలా ఉందని విసుక్కున్నాను. ఒంటి గది, ఇంటి నుంచే పని, మెయిళ్లలో తప్ప పలకరించని మనుషులు. సిగ్గు విడిచి చెబుతున్నాను, రోజు మొత్తంలో నా గొంతు నాకు వినపడేది ఆ పది నిమిషాలే. పదిన్నర నుంచే ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాణ్ణి.

నిజానికి ఆ బాణం మార్చడం పూట పని కూడా కాదు. పెద్ద పసుపు బాణం గీసి, ఈ విండోకి ఇదే కర్సర్ అని కోడ్‌లో రెండు లైన్లు రాస్తే చాలు. మూడు నెలలుగా రేపూ మాపూ అంటూ నెట్టుకొచ్చాను. అడిగితే తీరిక లేదన్నాను. బాణం కనపడిన రోజు నుంచి ఫోను రాదని నా భయం.

ఓ సోమవారం ఆవిడ ఏడుస్తూ ఫోన్ చేసింది. క్లిక్ పక్క వరసలో పడి ఒకరి రిపోర్టు ఇంకొకరి చేతికి వెళ్లింది.

"ఇంకోపారి గిట్ల అయితే వేరేటోళ్లను కూసోవెడ్తమన్నరు సారూ."

అప్పటికప్పుడు ఆ రెండు లైన్లూ రాసి పంపాను. తొందరలో, క్లిక్ బాణం మొనలో కాక బొమ్మ మధ్యలో పడేలా రాశాను. అది సరిచేసి మళ్లీ పంపాను.

"అబ్బ, ఎంత సాఫ్ కనవడ్తున్నదో!" అంది. ఎవరో పిలిస్తే పెట్టేసింది.

మంగళవారం ఫోను రాలేదు. బుధవారం, గురువారం కూడా. శుక్రవారం పదకొండుంపావుకి నేనే చేశాను.

"బాణం బానే ఉందా అండీ?"

"మంచిగున్నది సారూ. ఏమన్న పని వడ్డదా?"

ఏదో ఒక సాకు చెబుదామనుకున్నాను.

"పనేం లేదండీ. ఊరికే చేశాను."

"ఒక్కలే ఉంటరా సారూ?"

అవునన్నాను.

"గిరాకున్నది. మీరైతే ఫోన్ పెట్టకుండ్రి," అంది. ఫోన్ కౌంటర్ మీద పెట్టిన చప్పుడు. ఆ వెంటనే ఆవిడ ఎవరినో పిలిచింది. "టోకెన్ పందొమ్మిది, రాండ్రి."

నేను పెట్టలేదు. టోకెన్ ముప్పై నాలుగు దాకా విన్నాను.