మా బావ నోట నా చావు

నేను పోయిన సంగతి నాకు లిఫ్ట్ దగ్గర తెలిసింది.

ఎనిమిది అంతస్తుల ఆఫీసు భవనం. నాలుగుకీ అయిదుకీ మధ్య లిఫ్ట్ ఆగిపోయిందని ఫోనొచ్చింది. వెళ్ళి, పైన మోటారు గదిలో బ్రేకు వదిలించి, చేత్తో చక్రం తిప్పి, దాన్ని అయిదో అంతస్తుకి లాగాను. కిందికి దిగొచ్చి తలుపు తెరిస్తే లోపల ఒక పెద్దావిడ, చేతిలో ఫైలు. బయటికి రాకుండా నా మొహంలోకి చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. భయపడిందేమో అనుకున్నాను.

"ఏం కాలేదమ్మా, వచ్చేశారు కదా" అన్నాను.

"నాకేం కాలేదు బాబూ. మొన్న సాయంత్రం షోకి వెళ్ళాను. పాపం, మీ అన్నయ్య పోయాడట కదా!"

"నాకు అన్నయ్యలు లేరండీ."

"మరి ఆ బావమరిది? స్టేజీ మీద ఫోటో పెట్టారు, అచ్చం మీరే. ఆయనా లిఫ్ట్ మెకానిక్కేనట. ఎంత అమాయకుడో! ఆ మహానుభావుడు చెబుతుంటే హాలంతా ఒకటే ఏడుపు."

"ఆ బావమరిదిని నేనేనండీ."

ఆవిడ నా భుజం తట్టింది. "దుఃఖంలో అలాగే అనిపిస్తుంది నాయనా" అంది.

నా ఒళ్ళు మండిపోయింది. ముప్ఫై ఏళ్ళుగా నన్ను నవ్వులపాలు చేసినవాడు, చంపే ముందు ఒక్క మాట చెప్పొద్దూ? బతుకు కోరేవాడు బావమరిది అంటారు. బావమరిది బతుకు కోరేవాడెవడో ఏ సామెతా చెప్పలేదు.

బావ అంటే మా అక్క మొగుడు. నిలబడి మనుషుల్ని నవ్వించడం ఆయన వృత్తి. నలభై ఏళ్ళుగా ఒక మైకు, ఒక స్టూలు, ఒక గ్లాసుడు నీళ్ళు. పద్నాలుగు సినిమాల్లో వేశాడు. పన్నెండింటిలో నీళ్ళ తొట్టెలో పడతాడు, మిగతా రెండింటిలో తొట్టె దొరక్క ఇసుకలో పడతాడు. వయసు మీదపడ్డాక దేశాలు తిరుగుతూ డాక్యుమెంటరీలు తీయడం మొదలుపెట్టాడు. మంచుకొండ ఎక్కినా, ఎడారిలో ఒంటె మీద కూర్చున్నా ఆయన మొదటి మాట ఒకటే. "మా బావమరిది ఉన్నాడే..." అంటాడు. అంతే, జనం పొట్టలు పట్టుకునేవాళ్ళు.

లిఫ్ట్ బాగుచేయడానికి వెళ్ళి అందులోనే ఇరుక్కుని, గోడ మీదున్న నంబరుకి ఫోన్ చేసి, అది తన నంబరే అని తెలియక, లైను బిజీగా ఉందని గంటసేపు తిట్టుకున్న బావమరిదిని నేనే. కొత్త చెప్పులు కరుస్తున్నాయని కుడిదీ ఎడమదీ మార్చి తొడుక్కుని ఊరంతా తిరిగినవాణ్ణీ నేనే. అన్నీ నిజాలే. ఆదివారం భోజనానికి అక్క ఇంటికి వెళితే, నేను మొదటి ముద్ద కలపకముందే బావ నోటుపుస్తకం తెరిచేవాడు.

"ఏరా బామ్మర్దీ, ఈ వారం ఏం వెలగబెట్టావు?"

నేను చెప్పేవాణ్ణి. ఆయన ఎడమ పేజీలో కథ రాసుకునేవాడు, కుడి పేజీలో దాని కొస. కొస అంటే చివర జనం పగలబడి నవ్వే మాట. కథ నాది, కొస ఆయనది.

నాకు పెళ్ళీ పెటాకులూ లేవు. ఆ ఆదివారం కంచమే నా సంసారం. అందుకే, చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, వారమంతా బుద్ధిగా గడిచిపోతే శనివారం కూర్చుని కావాలనే ఒక వెధవ పని చేసేవాణ్ణి. చెప్పుల సంగతి అలాంటిదే. కాళ్ళు బొబ్బలెక్కాయి, బావ కుడి పేజీ నిండింది, అక్క నవ్వలేక మారు వడ్డించింది. నాకు అంతకంటే ఏం కావాలి?

పెద్దావిణ్ణి పంపించేసి వెంటనే అక్కకి ఫోన్ చేశాను.

"ఒరేయ్, ఇప్పుడు కాదురా" అంది గుసగుసగా. "మీ బావ పక్కనే ఉన్నారు. నీ గొంతు వింటే తట్టుకోలేరు."

"ఎందుకు తట్టుకోలేరు?"

"నువ్వు పోయావని బెంగ పెట్టుకున్నార్రా. రెండు రోజుల్నుంచి సరిగ్గా తినడం లేదు."

"అక్కా, నేను నీతో మాట్లాడుతున్నాను!"

"అరవకు. నాకు తెలీదా ఏంటి? ఆయన కాస్త కుదుటపడనీ. ఈ ఆదివారం మాత్రం రాకు."

రావద్దంటే ఆగుతానా? ఆదివారం పొద్దున్నే పోయాను. పోయాను అంటే వెళ్ళాను. ఈ మాట కూడా ఇప్పుడు చూసి వాడుకోవాల్సి వస్తోంది, ఖర్మ.

అక్క తలుపు తీసి, అలవాటుకొద్దీ "నూరేళ్ళు ఆయుష్షురా నీకు, ఇప్పుడే నిన్ను తలుచుకుని ఏడుస్తున్నారు" అంది. అని నాలుక కరుచుకుంది.

భోజనాల బల్ల మీద నా ఫోటో ఉంది. ఎప్పుడో లైసెన్సు కోసం తీయించుకున్నది, పెద్దది చేయించి ఫ్రేము కట్టించారు. అందులో నాకు ఒక కన్ను సగం మూసుకుని ఉంటుంది. చచ్చినవాడికి ఇంతకంటే మంచి ఫోటో దొరకలేదా అని మళ్ళీ మండింది. బావ దాని ఎదురుగా కూర్చున్నాడు. నన్ను చూడగానే లేచి వచ్చి గట్టిగా కావలించుకున్నాడు.

"బామ్మర్దీ! నువ్వు పోయాక ఇల్లు బోసిపోయిందిరా."

"నేనిక్కడే ఉన్నా కదా బావా!"

"అదేరా నా బాధ. ఇలాంటివి నీతో కాక ఎవరితో చెప్పుకోను?"

"నన్నెందుకు చంపారు, అది చెప్పండి ముందు."

బావ వంటింటి వైపు చూశాడు. అక్క గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. గొంతు బాగా తగ్గించాడు.

"కొస మరిచిపోయానురా."

"ఏ కొస?"

"నీ చెప్పుల కథది. మూడొందలసార్లు చెప్పుంటాను. 'మా బావమరిది కొత్త చెప్పులు కొన్నాడండీ' అన్నాను, అంతే, తర్వాతేంటో గుర్తు రాలేదు. హాలంతా నా నోటివైపు చూస్తోంది. ఎనిమిది సెకన్లు! మా వృత్తిలో ఎనిమిది సెకన్లంటే యుగంరా. ఏదో ఒకటి అనాలి కదా? 'పోయాడు' అనేశాను."

"నోటికి అదే వచ్చిందా?"

"అదే వచ్చింది. జనం లేచి నిలబడ్డారురా. నాకోసం జనం లేచి పదేళ్ళయింది, ఇంటికెళ్ళడానికి తప్ప."

"మర్నాడు సర్దుకోవచ్చు కదా, నోరు జారిందని?"

"సర్దుకుందామనే వెళ్ళాను. మళ్ళీ అక్కడే ఆగిపోయాను. చెప్పులే కాదు, లిఫ్ట్ కథా అంతే. అన్నీ మొదలవుతున్నాయి, ఒక్కదానికీ కొస రావడం లేదు. నీ చావుకి కొస అక్కర్లేదురా బామ్మర్దీ, అదే కొస. మరిచిపోవడానికి అందులో ఏమీ లేదు." నా చెయ్యి పట్టుకున్నాడు. "మీ అక్కకి చెప్పకు."

తిట్టడానికి వారం నుంచి కూడబెట్టుకున్న మాటలన్నీ పక్కన పెట్టేశాను. కానీ నా ఆదివారం నాకు కావాలి. అదే అడిగాను, ఎప్పటిదాకా చచ్చి ఉండాలని.

"ఆఖరి షో దాకా ఓపిక పట్టు. ఆ షోని సినిమాగా తీస్తున్నారు. 'పోయాడు' అంటాను, జనం లేస్తారు, అప్పుడు 'ఇదుగో వస్తున్నాడు' అంటాను. నువ్వు నడిచి రా. చచ్చినవాడు నడిచొస్తే అంతకంటే నవ్వేముంది? మర్నాటి నుంచి వారం వారం నీ కంచం నీకే. అప్పటిదాకా మాత్రం ఈ గుమ్మం తొక్కకు, ఎవరైనా చూస్తే నా పరువు పోతుంది."

నా ప్రాణం పోయినా పర్లేదు, ఆయన పరువు పోకూడదు. సరేనన్నాను. ఏం చేస్తాం, అక్కనిచ్చినవాళ్ళం.

బావగారి మేనేజరు మాత్రం సామాన్యుడు కాదు. "ఇంత మంచి చావుని ఊరికే పోనిస్తామా సార్?" అన్నాడట. వెంటనే ఆరు భాగాల ప్రయాణ డాక్యుమెంటరీ మొదలైంది. పేరు 'బావమరిది చూడని చోట్లు'. నా ఫోటో పట్టుకుని బావ దేశాలు తిరుగుతాడు, నాకు అన్నీ చూపిస్తాడు. ఫోటో మోయడానికి ఒక మనిషి కావాలి. నమ్మకస్తుడు కావాలని బావ పట్టుబట్టాడు. నేను ఆఫీసులో సెలవు పెట్టి, టోపీ, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, నా సంస్మరణ యాత్రలో నన్ను నేనే మోసే పనిలో చేరాను. పోయినవాణ్ణి మోయడానికి నలుగురు కావాలంటారు. నాకు నేనొక్కణ్ణే సరిపోయాను.

ఒకరోజు సముద్రం ఒడ్డున లైట్‌హౌస్ ఎక్కాం. రెండొందల పన్నెండు మెట్లు, లిఫ్ట్ లేదు. పైన గాలికి ఫోటో నిలబడటం లేదు. నేను నేల మీద వెల్లకిలా పడుకుని, రెండు చేతులతో దాన్ని పైకెత్తి పట్టుకోవాలని కెమెరామన్ తేల్చాడు. పడుకున్నాను.

"చూడరా బామ్మర్దీ, ఇదే సముద్రం!" అన్నాడు బావ, ఫోటోతో. "నీకు చూపించాలని ఎంత..."

ఆగిపోయాడు.

"ఎంత అనుకున్నానో" అని కింది నుంచి అందించాను.

"కట్" అన్నాడు కెమెరామన్. "ఫోటో మాట్లాడకూడదు. ఇంకొంచెం ఎడమకి జరపండి."

నన్ను నేను ఎడమకి జరుపుకున్నాను. పదకొండు టేకులయ్యాయి. ప్రతిసారీ బావ 'ఎంత' దగ్గర ఆగాడు, ప్రతిసారీ నేను అందించాను. నాకు కనిపించింది ఆయన ప్యాంటు అంచులూ, పైన ఆకాశం ముక్కా. సముద్రం ఎలా ఉంటుందో నాకు ఇప్పటికీ తెలియదు. చప్పుడు మాత్రం బాగుంది.

మెట్లు దిగాక బావ నా దగ్గరికొచ్చి, "ఏవండీ, ఫోటో జాగ్రత్త. మా బావమరిదిది" అన్నాడు. నా వేషం బాగా కుదిరిందని మెచ్చుకుంటున్నాడనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఆఖరి షో ఆదివారం మధ్యాహ్నం మూడింటికి. హాలు కిటకిటలాడుతోంది, నాలుగు వైపులా కెమెరాలు. టోపీ తీసేశాను, తల దువ్వుకున్నాను, ఇస్త్రీ చొక్కా వేసుకుని తెర పక్కన నిలబడ్డాను. నా పక్కనే తెర లాగే పెద్దాయన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. అక్క మొదటి వరసలో ఉంది. షో అయ్యాక ముగ్గురం ఇంటికెళ్ళి తిందామని పొద్దున్నే ఫోన్ చేసి చెప్పింది. ఆకలి మీదున్నాను, ఆనందం మీదా ఉన్నాను.

బావ మైకు పట్టుకున్నాడు. "మా బావమరిది ఉన్నాడే..." అన్నాడు.

అందరికీ తెలుసు ఏం వస్తుందో. చేతిరుమాళ్ళు బయటికొచ్చాయి.

బావ ఏమీ అనలేదు. నేను లెక్కపెట్టాను. ఎనిమిది దాటింది, పన్నెండు దాటింది. ఆయన నీళ్ళు తాగాడు. గ్లాసు స్టూలు మీద పెట్టి, మైకుని అది ఎవరో అక్కడ మరిచిపోయిన వస్తువులా చూశాడు. వెనక వరసలో ఎవరో ఇకిలించారు. అక్క కుర్చీలోంచి సగం లేచింది. ఆమె మొహం చూస్తే అర్థమైంది, ఆయన దాచింది ఆమెకీ తెలుసు, ఎప్పటినుంచో.

నేను స్టేజీ మీదికి ఒక అడుగు వేశాను. బావ తల తిప్పి నన్ను చూశాడు. ఎవరో పనివాడు వచ్చాడు, వాడి పని వాడు చూసుకుంటాడు అన్నట్టు మర్యాదగా తల ఊపాడు.

నేను బతికున్నానని ఇప్పుడు నడిచి వెళితే జనం నవ్వుతారు. ఆ తర్వాత ఆయన ఏదో ఒకటి అనాలి. అనడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. వెయ్యిమంది ముందు, కెమెరాల ముందు, మా బావ నోరు తెరుచుకుని నిలబడతాడు. అది నేను చూడలేను. ఆ ఒక్క మాట నేనే అందిస్తే మాత్రం ఇక నడిచి వెళ్ళే దారి నాకుండదు. ఆదివారాలూ ఉండవు.

అడుగు వెనక్కి తీసుకున్నాను.

"పోయాడు" అన్నాను.

బావ చెవి ఇటు వంచాడు. "ఎవరు?" అని మైకులోనే అడిగాడు.

"మీ బావమరిది."

"అయ్యో!" అన్నాడు బావ. ముప్ఫై ఏళ్ళుగా వింటున్నాను ఆయన గొంతు, ఆ మాట అలా ఎప్పుడూ పలకలేదు. "అయ్యో, వాడా? వాడెందుకు పోయాడు?" జనం వైపు తిరిగాడు. "మంచివాడండీ వాడు. నేను వాణ్ణి చూసి ఊరందరినీ నవ్వించాను గానీ, వాడి మీద నేనెప్పుడూ నవ్వలేదు. వాడు గుమ్మంలో కనిపిస్తే చాలు, ఈ పూటకి నేను బతికాను అనుకునేవాణ్ణి. ఆ ముక్క వాడికి చెప్పనే లేదండీ."

హాలు హాలంతా లేచి నిలబడింది. అక్క ఒక్కతే కూర్చుండిపోయింది. ఆమె బావ వైపు చూడటం లేదు. తెర పక్కకి, నా వైపు చూస్తోంది.

తెర లాగే పెద్దాయన తాడు వదిలేసి, భుజం మీది తువ్వాలు తీసి నా చేతిలో పెట్టాడు. "ఆ పోయినాయన మీకు బాగా తెలుసా?" అని అడిగాడు.

"తెలుసు" అన్నాను. "ఇంత మంచివాడని మాత్రం తెలీదు."