గురక పెట్టని ఉల్లి

జయమణి లేస్తూనే పాకలోకి వెళ్లి ఉల్లి రాశికి చెవి ఆనించింది. చప్పుడు లేదు. చందర్లపాడులో ఎవరినడిగినా చెబుతారు, బాగా ఆరిన ఉల్లిపాయ నిద్రపోతుంది, సన్నగా గురక పెడుతుంది. గురక పెట్టినది ఆగస్టు దాకా చెడదు. పెట్టనిది కుళ్లిపోతుంది. చెంపకి అంటిన జిగట కొంగుతో తుడుచుకుంది. ఆ కొంగూ కుళ్లు కంపు కొట్టింది.

ఇదంతా మొగుడు కొండలరావు నిర్వాకం. నవంబర్లో నారు పోసిందీ, చలికాలమంతా మోకాళ్ల మీద కూర్చుని కలుపు తీసిందీ జయమణే. ఆకు వాలాక పాయలు పీకి, ఎండ తగలకుండా వాటి ఆకే వాటి మీద కప్పి సాళ్లలో పరిచింది. విత్తనానికని రెండు కట్టలు ఆకుతోనే పాక దూలానికి వేలాడదీసింది. "పాయ మెడ ఎండేదాకా కత్తి పెట్టమాక" అని వందసార్లు చెప్పి, చెల్లెలి కాన్పుకి నందిగామ వెళ్లింది. ఆ మహానుభావుడు మూడో రోజే పచ్చి మెడలన్నీ కోసేసి, రాశి పోసి, పైన పట్టా కప్పి, పరిటాలలో పేకాటకి కూర్చున్నాడు.

ఆదివారం ఆసామి దశరథరామయ్య వస్తాడు. ఉల్లి గురక చెవులారా వింటేనే ఆయన మళ్లీ పొలం కౌలుకిస్తాడు. వాళ్ల నాన్న నాటి నుంచీ అదే పద్ధతి. ఆ ఎకరం పోతే జయమణి మళ్లీ ఊళ్లో వాళ్ల చేలల్లో కూలికి వంగాల్సిందే.

"దానికి ఏడుపెందుకే? రాశి వెనక పడుకుని నేను పెడతాగా గురక" అన్నాడు కొండలరావు.

అతని గోళ్ల నిండా ఉల్లి కుళ్లు. ఆ చేత్తోనే అన్నం కలుపుతున్నాడు. పదిహేనేళ్లు ఈ మనిషి పక్కన కూర్చుని ఎలా తిన్నానా అని జయమణికి అసహ్యం పుట్టింది. తన కంచం తీసుకుని బయటికి వెళ్లిపోయింది.

ఆదివారం దశరథరామయ్య ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని వచ్చాడు. లోపల గురక పాక కప్పు లేచిపోయేలా ఉంది.

"నిద్ర గట్టిగానే పట్టిందే వీటికి. ఏమ్మా జయమణీ?"

అవునండి అంటే పొలం నిలుస్తుంది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. దాంతోపాటు కుళ్లు వాసనా వచ్చింది. జయమణి పక్కకి తిరిగి ఉమ్మేసింది.

"ఉల్లిపాయలు కాదండి. మా ఆయన."

ఆసామి పాకలోకి నడిచాడు, వెనకే జయమణి. ఈగలు ముసిరిన రాశి వెనక కొండలరావు నోరు తెరుచుకుని పడున్నాడు. నటిద్దామనుకున్నవాడికి నిజంగానే నిద్ర పట్టేసింది. చేతికర్రతో కదిపితే అటు తిరిగి పడుకున్నాడు. గురక ఆగింది.

అయినా ఇంకో గురక వినిపిస్తూనే ఉంది, పసిపిల్ల ఊపిరంత సన్నగా. ఇద్దరూ పైకి చూశారు. దూలానికున్న రెండు కట్టలూ ఆ పూటే నిద్రలో పడ్డాయి.

"ఇవెవరు కట్టారు?"

"నేనేనండి."

దశరథరామయ్య కాసేపు చెవి ఒగ్గి విన్నాడు. "కౌలు కాగితం ఈసారి నీ పేరున రాయిస్తా. అతని సంతకం అక్కర్లేదు. ముందు అతన్ని లేపు."

జయమణి కుళ్లిన రాశిలోకి పార దించింది.

"ఇంకా పచ్చిగానే ఉన్నాడండి" అంది. "ఆరనివ్వండి."