ఏడు పలకల తలుపు

మా పడగ్గది తలుపు నేను చేసిందే. పెళ్ళైన ఏడాది, ఏడు అడ్డపలకలతో, ఒక్క మేకు కూడా కొట్టకుండా బిగించాను. వడ్రంగిని కదా, ఇంట్లోనైనా గొప్ప చూపించుకోవాలి. ఆ తలుపు వెనకే మా ఆవిడ పది నెలలు ఉండిపోయింది.

ఊరంతా దగ్గుతున్న రోజుల్లో ఆ జ్వరాన్ని ఇంటికి తెచ్చింది నేనే. నాకు రెండు రోజుల్లో తగ్గిపోయింది. తను మాత్రం రెండు వారాలు ఆ గదిలో ఊపిరి కోసం అల్లాడింది. పదిహేనో రోజున డాక్టరు నయమైందన్నాడు. అయినా తను బయటికి రాలేదు. "భయం పట్టుకుంది, తొందరపెట్టకండి" అన్నాడాయన. స్నానాల గది లోపలే ఉంది. కంచం తలుపు బయట స్టూలు మీద పెట్టి నేను పక్కకు తప్పుకున్నాక తీసుకునేది. నాకేమో ముక్కు మీద కోపం. రెండుసార్లు తలుపు ముందు నిలబడి అరిచాను కూడా. నా గొంతు బొంగురుపోవడం తప్ప ఒరిగిందేమీ లేదు.

చివరికి నాకు తెలిసిన విద్యనే నమ్ముకున్నాను. ఆదివారానికో పలక చొప్పున కింది నుంచి ఊడదీస్తానన్నాను.

"మీ తలుపు, మీ ఇష్టం" అంది లోపల్నుంచి.

మొదటి ఆదివారం పాదాలు కనిపించాయి. గదిలోని మధ్యాహ్నపు ఎండ ఆ సందులోంచి హాల్లోకి పాకింది. అందులో దుమ్ము తేలుతూ ఎంతసేపటికీ కింద పడలేదు. తర్వాత మోకాళ్ళు, ఆ తర్వాత ఒళ్ళో పెట్టుకున్న చేతులు. నేను ఇవతల పీట మీద, తను అవతల కుర్చీలో. తనకొచ్చే కలలు చెప్పేది. కలలో ఇల్లు ఊపిరి పీలుస్తుందట, గోడలు మెల్లగా ఉబ్బి మెల్లగా దిగుతాయట. నా కొట్లో చెక్కకు చిత్రిక పడుతుంటే నా చుట్టూ ఉన్న గోడలు కూడా అలాగే కదిలేవి. చెయ్యి ఆపి చూస్తే ఊరుకునేవి.

"ఇలా వదిలేస్తే పైకప్పు కూడా పీకేసేలా ఉన్నారు" అని ఐదో వారం నవ్వింది. ఆ నవ్వు విని నాకు ఏడుపొచ్చింది.

ఏడో ఆదివారం మొహం కనిపించింది. బాగా చిక్కిపోయింది. తలుపంటే ఇక ఖాళీ చట్రమే. అయినా లోపలి గడియ వేసే ఉంది.

"ఇక రావే" అన్నాను.

"పదిహేనో రోజున వచ్చానండీ. తలుపు తీశాను. మీరు రెండడుగులు వెనక్కి వేశారు."

గుర్తు లేదన్నాను. అబద్ధమెందుకు, గుర్తుంది.

"నేనంటే రోత పుట్టిందనుకున్నా."

"రోతేంటే పిచ్చిదానా! మళ్ళీ నీకు నేనే అంటిస్తానేమోనని."

"ఆ ముక్క పది నెలల్లో ఒక్కసారైనా చెప్పొచ్చుగా!"

చట్రంలోంచి చెయ్యి పెట్టి గడియ తీశాను. ఊపిరి బిగబట్టాను. గడప దాటి తన ఎదురుగా నిలబడ్డాను, అంతకుమించి ఏం చెయ్యాలో తెలియలేదు.

తను లేచి నా ఛాతీ మీద అరచెయ్యి పెట్టింది.

"ఊపిరి తీసుకోండి" అంది.