డేగ కింద మంట

గంధం నూనె తీసేవాడికి మంట మీదే ప్రాణం. డేగ అనే పెద్ద రాగి బానలో గంధం చెక్కపొట్టు నానేసి, మూత బిగించి, పొయ్యి అంటించినాక పది రోజులు అది ఆరకూడదు, ఎగసిపడకూడదు. మధ్యలో చల్లారిందా, సరుకంతా పాడే. ఉదయగిరిలో గౌస్ మొహిద్దీన్ ఆ పది రోజులూ పొయ్యి ముందు నుంచి కదిలేవాడు కాదు. తిండీ నమాజూ అన్నీ అక్కడే. మొండి ఘటం! పంతొమ్మిదొందల డెబ్బై ఎనిమిదిలో అయితే, ఏడాదికంతా ఫారెస్టోళ్ళ పర్మిట్ మీద దొరికిన చెక్క ఆ ఒక్క డేగలోనే ఉండె.

మూడో రోజు ఆయన భార్య బీబమ్మ కట్టెలు మోసుకొస్తా కంపముల్లు తొక్కింది. అసలే చక్కెర జబ్బు మనిషి. ముల్లు లాగేసి గుడ్డ చుట్టుకుంది.

ఆరో రోజు, "ఏమయ్యా, గంధం నూనె రవ్వంత ఇయ్యి, పుండుకు రాసుకుంటా" అనింది.

గౌస్ పొంగిపోయినాడు. ఇరవై ఏండ్ల కాపురంలో ఆయన నూనె ఆమె అడిగింది లేదు, తలనొప్పి వాసన అని ముక్కు మూసుకునేది. ఆ నూనెకు మానని పుండు లేదని ఆయన నమ్మకం. రోజూ అడిగింది, రోజూ ఇచ్చినాడు. పక్కింటి పెంచలమ్మ వచ్చి, "మీ ఇల్లు దర్గా మాదిరి ఘుమఘుమలాడతా ఉండాదే!" అనిపోయింది. కాలెట్లా ఉందంటే బీబమ్మ, "మానతా ఉండాదిలే, నువ్వు మంట చూసుకో" అనేది. ఆయన మంటే చూసుకున్నాడు. కట్టు విప్పి చూద్దామనే బుద్ధి పుట్టలేదు, పాపిష్టోడికి.

తొమ్మిదో రోజు పొద్దున ఆయనకు అన్నం తెస్తా గడపలోనే కూలబడింది. ఒళ్ళు పెనం మాదిరి కాలిపోతా ఉండె. గౌస్ పొయ్యి అట్లే వదిలేసి, ఆమెను చేతుల మీద బస్సెక్కించి ఆత్మకూరు ఆస్పత్రికి తీసుకుపోయినాడు.

నర్సమ్మ గుడ్డ విప్పి, నూనె జిడ్డంతా స్పిరిట్‌తో తుడిచింది. అప్పుడొచ్చింది అసలు వాసన. పక్క మంచాలోళ్ళు కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. పాదం నల్లబడి, ఆ నలుపు పిక్క దాకా పాకి ఉండె.

"ఇంత కంపు ఇన్నాళ్ళూ తెలీలేదా? ఇంట్లో ముక్కున్నోళ్ళు లేరా?" డాక్టరు కసిరినాడు. "మూడు రోజుల ముందు తెచ్చుంటే పాదంతో పోయేది. విషం ఒళ్ళంతా ఎక్కేసింది. ఇంక నా చేతిలో ఏమీ లేదు."

ముక్కున్నోళ్ళంట! సరుకులో కల్తీ తేల్చేదానికి వ్యాపారులు నెల్లూరు నుంచి వెతుక్కుంటా వచ్చే ముక్కు ఆయనది. గౌస్ ఆమె మీదికి వంగినాడు.

"నీకు తెలుసు కదే?"

"ఆరో రోజే తెలిసింది. కంపు నీ దాకా వస్తే పొయ్యి వదిలేసి వస్తావని, నూనె అడిగినా." కాసేపు ఆయాసపడింది. "పొయ్యి దగ్గర ఎవురున్నారయ్యా?"

ఎవురూ లేరు. ఈపాటికి బూడిద కూడా చల్లారి ఉంటాది.

"పెంచలమ్మ ఉండాది. మంట బాగా ఉండాది" అన్నాడు గౌస్. ఆమెతో ఆయన ఆడిన మొదటి అబద్ధం అది.

"ఆమెకేం తెలుసు మంట సంగతి? నువ్వు పోవయ్యా. నేను రేపు వస్తాలే."

"పోతా, పోతా" అంటా, చిన్నబిడ్డ మాదిరి ఏడుస్తా, ఆమె చెయ్యి పట్టుకుని అక్కడే కూర్చున్నాడు. మధ్యాహ్నానికి ఆ చెయ్యి చల్లబడింది.