ఒర్ఫెలినా అడగవలసిన మాట

మన్ను రాలుతోంది.

పెద్ద చప్పుడేమీ కాదు. తడిసిన గోనెసంచిని ఎవరో మెల్లగా కింద పెట్టినట్టు, అంతే. ఆ తర్వాత ఒక అల. ఆ తర్వాత కాసేపు ఏమీ ఉండదు... మళ్ళీ మన్ను.

ఒర్ఫెలినా పొయ్యి ముందు కూర్చుని వింటోంది.

ఉత్తరపు గాలి వచ్చిన ప్రతిసారీ సముద్రం గట్టును కొంచెం కొరుక్కుపోతుంది. కిందటేడు ఇంటి గుమ్మం నుంచి గట్టు అంచు దాకా నలభై అడుగులు. ఈస్టరు నాటికి ఇరవై. ఇప్పుడు పదకొండు. రోజూ పొద్దున్నే, ఎవరూ చూడకుండా, తన అడుగులతో తనే కొలుచుకుంటుంది. ఒక్కోరోజు అడుగులు కాస్త చిన్నవి వేస్తుంది. పన్నెండు వస్తాయి. ఆ పూటంతా కొంచెం ధైర్యంగా ఉంటుంది.

ఎవరిని మోసం చేస్తోందో ఆమెకూ తెలుసు.

చిలోయే దీవుల్లో ఇళ్ళు చెక్కవి. పునాదులుండవు. రాళ్ళ మీద, మొద్దుల మీద కూర్చుని ఉంటాయి. సముద్రం తరిమితే ఇల్లు కూడా లేచి నడవాల్సిందే. కింద రెండు పొడుగాటి దుంగలు దూర్చి, తాళ్ళు కట్టి, ఎడ్లను పూన్చి, ఊరంతా కలిసి లాగుతారు. కూలి ఉండదు. వచ్చినవాళ్ళకు కడుపునిండా పెట్టాలి. రేపు వాళ్ళకు అవసరం పడితే మనం వెళ్ళాలి.

కానీ అడగాలి.

అడగడం... అదొక్కటే ఒర్ఫెలినాకు చేతకాని పని.

ఏడేళ్ళ కిందట ఆమె భర్త ఎలిసేయో పడవ వేసుకుని చేపలకు వెళ్ళాడు. రాలేదు. పడవా రాలేదు.

జనం వచ్చారు. రొట్టెలు తెచ్చారు, కొవ్వొత్తులు తెచ్చారు, ఓదార్పు మాటలు తెచ్చారు. ఆమె తలుపు వేసుకుంది. ఆ చలికాలం కట్టెలు తనే కొట్టుకుంది. పొలంలో దుంపలు తనే తవ్వుకుంది. గాలికి కప్పు చెక్కలు ఎగిరిపోతే నిచ్చెన వేసుకుని తనే పైకెక్కింది. అప్పటికే యాభై నాలుగేళ్ళ మనిషి.

రోజూ కళ్ళు తెరవగానే ఒకటే మాట అనుకునేది. నాకెవరూ అక్కర్లేదు.

పొయ్యి వెలిగిస్తూ అదే మాట. గొర్రెలను తోలుతూ అదే మాట. నాకెవరూ అక్కర్లేదు.

ఆ మాటను తేలిగ్గా తీసిపారేయకూడదు. ఏడేళ్ళు ఆమెను నిలబెట్టింది ఆ మాటే. పడిపోతున్న మనిషి చేతికి ఏ కర్ర దొరికితే ఆ కర్ర పట్టుకుంటాడు, అది మంచి కర్రా పుచ్చు కర్రా అని చూడడు. దీవిలో వాళ్ళు ఆమెను చూసి ముక్కున వేలేసుకున్నారు. మనిషి కాదు, రాయి అన్నారు. ఆ మాట ఆమె చెవిన పడింది. నిజం చెప్పొద్దూ, కొంచెం నచ్చింది కూడా. ఒంటికాయ శొంఠికొమ్ములా బతకడం ఆమెకు ఒక గొప్పగా తోచింది.

ఇప్పుడు ఇల్లు కదలాలి. దానికి నలభై మంది కావాలి.

ఇలా అడగడాన్ని వేడుకోలు అంటారు, దానికి ఒక పద్ధతుంది. ఇల్లు కదలాల్సిన మనిషి గడప గడపకీ తానే వెళ్ళాలి. కూర్చోవాలి. వాళ్ళిచ్చిన చేదు ఆకుల కషాయం తాగాలి. వాన గురించీ గొర్రెల గురించీ మాట్లాడాలి. లేచేముందు, ఎదుట నిలబడి, తల వంచి అనాలి — నిన్ను వేడుకుంటున్నాను, నా ఇల్లు లాగడానికి రా. అలా అడిగితే కాదనడానికి లేదు. పగవాడైనా రావాల్సిందే.

ఒర్ఫెలినా ఒక అడ్డదారి కనిపెట్టింది.

ఆ దీవుల్లో కబుర్లన్నీ రేడియోలో నడుస్తాయి. రేపు పడవ రాదు. అమ్మకు ఆసుపత్రిలో నయమైంది, రేవుకి గుర్రం పంపండి. అలాంటివి. ఆమె కూడా ఒక కబురు రాసిచ్చింది. శనివారం నా ఇల్లు లాగాలి, అందరూ రావలసింది, ఇట్లు ఒర్ఫెలినా. మూడు రోజులు మూడు పూటలా చదివారు. ఎవరి గడపా తొక్కనక్కర్లేదు. ఎవరి ముందూ తల వంచనక్కర్లేదు.

శనివారం వచ్చింది. గొర్రెను కోసింది. వేళ్ళు తోలూడేదాకా దుంపలు తురిమి రొట్టెలు కాల్చింది. ఆపిల్ కల్లు పీపా బయట పెట్టింది. నలభై కప్పులు కడిగి బల్ల మీద బోర్లించింది.

పది అయింది. పన్నెండు అయింది.

కోళ్ళు వచ్చాయి. మనుషులెవరూ రాలేదు.

ఆమె గుమ్మంలో నిలబడే ఉంది. మొదట కోపం వచ్చింది. తర్వాత సిగ్గు. తర్వాత, ఆ రెండూ పోయాక, భయం. దీవి మొత్తం విని కూడా రాలేదంటే ఇక ఆ ఇంటికి దిక్కెవరు?

మూడింటికి కర్ర పొడుచుకుంటూ ఉబెర్లిందా వచ్చింది. ఎనభై నాలుగేళ్ళ ముసలమ్మ, రెండు మైళ్ళ అవతల కాపురం. కూర్చుని ఒక కంచం ఖాళీ చేసింది. ఇంకో కంచం పెట్టించుకుంది. మూతి తుడుచుకుని అప్పుడు నోరు విప్పింది.

"రేడియో పిలిచిందే పిల్లా. నువ్వు పిలవలేదు."

ఎవరికీ వినబడలేదా పెద్దమ్మా, అని అడిగింది ఒర్ఫెలినా.

"ఎందుకు వినబడదూ. మా కుక్కక్కూడా వినబడింది. రేపు మా ఇంటి కప్పు ఎగిరిపోతే ఎవరొస్తారే, రేడియో వచ్చి నిచ్చెనెక్కుద్దా?"

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ముసలమ్మ ఆ సామెత చెప్పకుండానే వీపు మీద ఒక్కటి చరిచి లేచింది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది. అడగడానికి మా ఇంటికి కూడా రావాలి మరి, అంది. నా కోసం కాదు, మావాడి కోసం.

ఆ మాటకు ఒర్ఫెలినా మొహం పాలిపోయింది.

మావాడంటే ముసలమ్మ కొడుకు సెఫెరినో. దీవి మొత్తం మీద బలమైన ఎడ్ల జత అతనిది. ఆ జత ముందు నడవకపోతే ఏ ఇల్లూ గట్టు వెనకున్న ఏటవాలు ఎక్కదు. ఎలిసేయోతో కలిసి పెరిగినవాడు. ఎలిసేయో రాని ఆ వారం, మిగతావాళ్ళు మూడు రోజులకే ఆశ వదులుకుంటే, అతను తొమ్మిది రోజులు తన పడవలో వెతికాడు. తొమ్మిదో రోజు సాయంత్రం వచ్చి ఆమె తలుపు కొట్టాడు. ఆమె తియ్యలేదు. అతను మళ్ళీ కొట్టాడు. చాలాసేపు నిలబడ్డాడు. చివరికి ఒక బస్తా దుంపలు గుమ్మం ముందు పెట్టి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆమె ఆ బస్తాను వీపున మోసుకెళ్ళి అతని వాకిట్లో గుమ్మరించి వచ్చింది.

ఇచ్చిన దుంపలు తిరగ్గొట్టడం ఆ దీవిలో మొహాన ఉమ్మెయ్యడంతో సమానం. ఏడేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు.

ఆమె గడపలు తొక్కడం మొదలుపెట్టింది.

మొదటి ఇంట్లో పూటంతా పట్టింది. వాన గురించి మూడుసార్లు మాట్లాడింది. గొర్రెల గురించి నాలుగుసార్లు. అనాల్సిన మాట గొంతులోనే ఉండిపోయింది. ఆ ఇల్లాలు మళ్ళీ మళ్ళీ కషాయం పోసింది, అన్నీ తెలిసి ఓపిగ్గా ఎదురుచూసింది. చివరికి ఎలాగో అనేసింది. వస్తాం, అందామె. అంతే. ఇంకేమీ అడగలేదు, దెప్పలేదు.

ఒర్ఫెలినా బయటికొచ్చి కంచె పట్టుకుని నిలబడిపోయింది. హాయిగా ఉంటుందనుకుంది. లేదు. ఒంటి మీద బట్ట లేనట్టుంది.

రెండో గడప. మూడో గడప. అలవాటవుతుందనుకుంది. కాలేదు. ప్రతి గడపా మొదటి గడపే.

ఈలోగా ఒక గాలిరోజు కోళ్ళగూడు కిందికి పోయింది. పదకొండు తొమ్మిదైంది. తొమ్మిది ఏడైంది. అడుగులు ఎంత చిన్నవి వేసినా ఎనిమిది దాటడం లేదు. పున్నమికి వారం ఉంది. పున్నమి పోటు వచ్చిందంటే ఇక కొలవడానికి ఏమీ ఉండదు.

సెఫెరినో గేటు దాకా రెండుసార్లు వెళ్ళి వెనక్కి వచ్చింది.

మూడోసారి వెళ్ళేసరికి అతను కొట్టంలో కాడి తోలు పట్టెడలకు కొవ్వు రాస్తున్నాడు. చూశాడు. చెయ్యి ఆపలేదు. కూర్చోమనలేదు. కషాయం లేదు, వాన కబుర్లు లేవు. ఆమె తల వంచి ఒక్క గుక్కలో చెప్పేసింది.

"వస్తాను," అన్నాడు. "రాననే హక్కు నాకు లేదు. ఒక్కటి మాత్రం చెప్పు వదినా. తొమ్మిది రోజులు వెతికి వచ్చా. తలుపెందుకు తియ్యలేదు?"

ఏడేళ్ళలో ఆ ప్రశ్నకు ఆమె చాలా జవాబులు తయారు చేసుకుని పెట్టుకుంది. పొగరుగా ఉండేవి, పదునైనవి. అవన్నీ వదిలేసింది.

"తీస్తే చెప్తావుగా... లేడని," అంది. "తియ్యకపోతే ఎవరూ చెప్పనట్టేగా."

అతని చెయ్యి ఆగింది.

"వానలో అరగంట నిలబడ్డాను."

"తెలుసు. లోపల్నుంచి వింటూనే ఉన్నా."

అతను క్షమించానని అనలేదు. కొవ్వు ముద్ద తీసుకుని మళ్ళీ రాయడం మొదలుపెట్టాడు. ఆమె దారి పొడుగునా ఏడుస్తూ ఇంటికి వచ్చింది. గట్టిగా, ముక్కు చీదుకుంటూ, గొర్రెలు తలెత్తి చూసేలా ఏడ్చింది.

మర్నాడు కళ్ళు తెరవగానే అలవాటుగా ఆ మాట అనుకోబోయింది. నాకెవరూ...

అబద్ధంలా వినబడింది. ఏడేళ్ళ కర్ర చేతిలోంచి జారిపోయింది. దాని చోట్లో పట్టుకోవడానికి మరేదీ లేదు. చాలాసేపు మంచం మీదే కూర్చుండిపోయింది. ఇల్లు పోతుందన్న భయం కన్నా ఇది పెద్ద భయం.

పున్నమికి ముందొచ్చిన శనివారం నలభై ముగ్గురు వచ్చారు. ఏడు జతల ఎడ్లు వచ్చాయి. పొయ్యి ఊడదీశారు, కిటికీలు ఊడదీశారు. సెఫెరినో జత ముందు నిలిచింది. తాళ్ళు బిగుసుకున్నాయి. ఒక్క అరుపు... ఇల్లు మూలిగింది. మళ్ళీ అరుపు.

ఇల్లు నడిచింది.

ఆమె పెళ్ళై వచ్చినప్పటి నుంచి ముప్పై ఐదేళ్ళుగా కదలకుండా ఉన్న ఇల్లు, ముసలి ఆవులా తల ఊపుకుంటూ నడిచింది. ఒర్ఫెలినా కూడా ఒక తాడు పట్టుకుంది. ఇంటామె లాగనక్కర్లేదమ్మా అన్నారెవరో. ఆమె వినిపించుకోలేదు. అటొక భుజం, ఇటొక భుజం రాసుకుంటున్నాయి. ఎవరి చెమటో, ఎవరి ఊపిరో. ఏడేళ్ళలో ఆమెను అంత దగ్గరగా ఎవరూ తాకలేదు.

మధ్యాహ్నం వాన పట్టుకుంది. ఏటవాలు బురదైంది. సగం దారిలో, తుపాకీ పేలినట్టు, ఎడమవైపు దుంగ విరిగింది.

ఇల్లు ఒక పక్కకు ఒరిగింది. అరుపులు, పరుగులు. రాళ్ళు తెచ్చి అడ్డం పెట్టారు, గుంజలు పాతారు, తాళ్ళతో బిగించారు. ఎలాగో ఆగింది. కొత్త దుంగ నరకాలంటే ఇక వెలుగు చాలదు. వానలోనే నిలబడి తిన్నారు. రేపు చూద్దాం అనుకుంటూ ఒక్కొక్కరే కొండ దిగారు.

రేపు.

వేడుకోలు ఒక్క రోజుకే. రెండో రోజు రావాలన్న కట్టుబాటు లేదు. అది వెళ్ళేవాళ్ళకూ తెలుసు, ఆమెకూ తెలుసు. కింద పాత చోటు అంచును అలలు అప్పుడే కొరుకుతున్నాయి. పైన కొత్త చోటు ఇంకా రెండు వందల అడుగులు. మధ్యలో ఒరిగిన ఇల్లు, నాలుగు రాళ్ళ మీద.

చివరికి సెఫెరినో ఒక్కడే మిగిలాడు. ఎడ్ల మెడ మీంచి కాడి దించుతున్నాడు.

"ఇవాళ ఎక్కడ పడుకుంటావు వదినా?"

నాకేం, అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. నాకేం, ఇందులోనే ఓ మూల... అక్కడే ఆగింది. వేడుకోలుకైతే మాటలున్నాయి, పెద్దలు కూర్చిపెట్టినవి. తల వంచి అప్పజెప్తే చాలు, ఎవరూ కాదనరు. దీనికి ఏ మాటలూ లేవు. కాదంటే కాదనొచ్చు. అతను ఆమెకు ఏమీ బాకీ లేడు.

ఆమె తల వంచలేదు. అతని మొహంలోకి చూసింది.

"మీ ఇంట్లో ఉండనిస్తావా?"

అతను కాడి భుజాన వేసుకున్నాడు. తాళ్ళు చుట్టాడు, ఒకటి, రెండు, మూడు చుట్లు. ఆమె వానలో నిలబడి ఉంది. తలుపు అవతల నిలబడడం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

చివరికి ఒక ఎద్దు పలుపు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇది కుడికి లాగుద్ది. గట్టిగా పట్టుకో."

ఇద్దరూ అతని ఇంటి దారి పట్టారు. మసక పడుతోంది. ఉత్తరపు గాలి లేచింది. వెనక ఎక్కడో ఏదో జారిన చప్పుడు... మన్నో, రాయో, ఇల్లో, వానలో తెలియలేదు. ఆమె ఒక్క క్షణం ఆగింది. ఎద్దు ఆగలేదు, కుడికి లాగింది. ఆమె రెండు చేతులా పలుపు పట్టుకుని దాని వెంట నడిచింది.