పచ్చి గేరు

పొద్దున షెడ్డు తలుపు తీసి, కిరోసిన్‌లో ముంచిన గుడ్డతో మిషన్లు తుడుస్తూ పర్శరాములు గోడవతలి చప్పుడు వినేవాడు. అవతలి షెడ్డు వెంకటరాజానిది. ఇద్దరూ అక్కచెల్లెళ్లను చేసుకున్న సడ్డకులు. అక్క లచ్చవ్వ వెంకటరాజం భార్య, చెల్లెలు సావిత్రి పర్శరాములు భార్య. బట్టల మిల్లు వర్క్‌షాపులో ఒకే మేస్త్రి దగ్గర పని నేర్చుకుని, బయటికొచ్చి గిర్మాజీపేటలో పక్కపక్కన షెడ్లు వేసుకున్నారు.

వాళ్ల పని పాత మిషన్లను మళ్లీ నడిపించడం. నిజాం కాలంలో ఓడల మీద దిగిన లేతులు, మిల్లింగ్ మిషన్లు మూలకు పడి తుప్పు పట్టి ఉంటే తెచ్చి, నీలి రంగు పూసి ఎత్తుపల్లాలు కనిపెట్టి, వెంట్రుకంత తేడా లేకుండా గీకి చదును చేసేవాళ్లు. గీకడంలో పర్శరాములు చెయ్యే మంచిదని అందరూ ఒప్పుకునేవారు. చిక్కంతా సామాను దగ్గర. తయారుచేసిన కంపెనీలే లేకుండా పోయిన మిషన్లకు గేర్లెక్కడ దొరుకుతాయి? పర్శరాములు రైలెక్కి పోయి సికింద్రాబాద్ తుక్కు దుకాణాలన్నీ తిరిగి, చాలాసార్లు ఉత్త చేతులతో వచ్చేవాడు. వెంకటరాజం ఎక్కడికీ పోడు. అతనికి కావలసినవి లచ్చవ్వ పెరట్లో పండేవి.

విరిగిన గేరు పన్నో, అరిగిన నట్టు ముక్కో ఇస్తే లచ్చవ్వ జానెడు గుంట తీసి పాతిపెట్టేది. పొద్దుమాపు నీళ్లు పోసేది. కొన్ని నెలలకు అక్కడ మన్ను ఉబ్బి నెర్రెలిచ్చేది. అప్పుడు తవ్వి, పసుపు కొమ్ముకంటిన మన్ను దులిపినట్టు దులిపితే, లోపల నిండు గేరు. వాడకట్టు ఆడవాళ్లు ఆమెను అడిగేది ఒకటే, పెంట ఎరువు వేశావా, బూడిద చల్లావా అని.

పర్శరాములు సావిత్రి చేత కూడా పాతించి చూశాడు. తుప్పు తప్ప ఏమీ రాలేదు.

"ఇద్దరు ఒక్క తల్లికే పుట్టిర్రు గదా. ఆమె చేతికచ్చేది నీ చేతికెందుకు రాదు?" అన్నాడు.

"నా చేతికి మల్లెలస్తయ్. గేర్లు రావు. ఏం జేయమంటవ్?" అంది సావిత్రి.

ఆ మాట అతనికి నవ్వులాటగా వినిపించలేదు. పెళ్లిలో పెద్దల్లుడికి ముందు బట్టలు పెట్టిన దగ్గర్నుంచి ఆ ఇంటివాళ్లు తనకు తక్కువే చేశారని గుర్తొచ్చింది. ఎవరైనా వెంకటరాజాన్ని మెచ్చుకుంటే అతనికి అన్నం సహించేది కాదు. "మిషన్ జేసేది ఆయన గాదు, ఆయన పెండ్లాం" అనేవాడు. మళ్లీ తనకే ఆ మాట ఇంకా మంటగా ఉండేది.

ఒక దసరాకి, హన్మకొండలో మోటారు పంపుల కార్ఖానా పెడుతున్న సారంగపాణి ఒక పెద్ద మిల్లింగ్ మిషన్ తెచ్చాడు. దాని ముఖ్యమైన గేరు సగం విరిగిపోయింది. ఎవరు బాగుచేస్తే కార్ఖానా పనంతా వాళ్లకే అన్నాడు. వెంకటరాజం గేరును అటూ ఇటూ తిప్పి, "టైం పడ్తది సారూ" అన్నాడు. ఆ మాట కోసమే చూస్తున్నట్టు పర్శరాములు ముందుకొచ్చి, "ఉగాదికి నడిపించి ఇస్త" అన్నాడు. మిషన్ అతని షెడ్డుకే వచ్చింది.

మిషన్ కింది పీటను, అంటే బెడ్డును, గీకాడు. తిరిగే చోటల్లా సరిచేశాడు. మిషన్ అద్దంలా అయింది గాని గేరు దొరకలేదు. కార్తీక మాసం దాటింది.

"అక్కనడుగుదాం పా," అంది సావిత్రి.

"ఆమె పెరట్ల పండింది నా మిషన్‌కెక్కితే, మిషన్ జేసింది ఎవరంటరు? మళ్ల గా మాట మాట్లాడకు."

సావిత్రి మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

కొన్నాళ్లకు గోడ మీదినుంచి చూస్తే, లచ్చవ్వ పెరట్లో ఒక మూల ముళ్లకంప నాటి ఉంది. మధ్యలో మన్ను పళ్లెమంత మేర ఉబ్బింది. లచ్చవ్వ చెంబుతో మెల్లగా నీళ్లు పోస్తోంది. ఆ మేర కొలత పర్శరాములుకు కంటితోనే తెలిసిపోయింది. అది తన మిషన్ గేరే. తను ఉగాదికి ఇవ్వలేకపోతే, వెంకటరాజం గేరు చేతబట్టుకుని పోయి మిషన్ తన షెడ్డుకు తోలించుకుంటాడు. దీనికోసమే ఆ రోజు పోటీకి రాకుండా నిలబడ్డాడన్నమాట.

"మీ అక్క ఏం పెట్టింది పెరట్ల?" అని సావిత్రిని అడిగాడు.

"నాకేం ఎరుక?" అంటూ ఆమె మొహం తిప్పుకుంది. వీళ్లంతా ఒకటేనని పర్శరాములు అనుకున్నాడు.

మేడారం జాతరకు వాడంతా కదిలింది. సావిత్రి, లచ్చవ్వ, వెంకటరాజం ఒకే బండిలో పోయారు. పర్శరాములు పని ఉందని ఆగిపోయాడు. మిట్టమధ్యాహ్నం, కుక్కలు కూడా నీడకు పోయిన వేళ, గోడ దూకాడు. ముళ్లకు ముంజేయి చీరుకుపోయింది. చేతులతోనే మన్ను తోడాడు. గేరు కిందికి సన్నని వేర్లు దిగి ఉన్నాయి. లాగితే పుటుక్కున తెగి, తెగినచోట నూనెలాంటి చెమ్మ ఊరింది. గోనెసంచిలో చుట్టి ఇంటికి తెచ్చాడు.

కొలత సరిగ్గా ఉంది. రంగు మాత్రం కొంచెం పాలిపోయింది. గోరుతో నొక్కితే గుంట పడింది. గాలి తగిలితే గట్టిపడుతుందని తనకు తానే చెప్పుకుని, మిషన్‌కెక్కించి చేత్తో తిప్పాడు. పళ్లు ఒకటొకటిగా, లేత చింతకాయలు వంగినట్టు పక్కకు ఒరిగిపోయాయి.

జాతర నుంచి సావిత్రి నెత్తిన అమ్మవారి బెల్లంతో నేరుగా షెడ్డుకే వచ్చింది. మిషన్‌ను చూసింది, మొగుడి ముంజేతి గీతలు చూసింది. బెల్లం దించి కిందనే కూలబడింది.

"ఎంత పనిజేసినవయ్యా! అది నీదే."

"నాదా?"

"ఈ మిషన్ విరిగిన గేరు పన్ను ఒకటి నేనే తీస్కపోయి అక్కకిచ్చిన. నువ్వు అడుగవు, అడుగనియ్యవు. పండినంక తుక్కు దుకాణంల దొరికిందని బావ నీకిచ్చేటట్టు మాట్లాడుకున్నం. ఇంకొక పదిహేను దినాలైతే పండుతుండె."

పర్శరాములు ఆమె వైపు చూడలేక మిషన్ వైపు చూశాడు. ఆ క్షణంలో కూడా అతనికి ముందుగా కలిగింది సిగ్గు కాదు. నా కోసం ఇంత చేసేంత మంచివాడా వాడు, అన్న కుళ్లు. ఆ తర్వాతే సిగ్గు ముంచుకొచ్చింది.

మర్నాడు సావిత్రి అతన్ని ముందు నడిపించుకుంటూ గేరు పట్టించి అక్కింటికి తీసుకుపోయింది. వెంకటరాజం చూసి లోపలికి పోయాడు.

"మళ్ల పెడితే బతుకుతదా, వదినె?" అన్నాడు పర్శరాములు.

లచ్చవ్వ ఒరిగిన పళ్లను వేలితో తడిమింది. "పచ్చిది తెంపినవ్. బతుకుతే బతుకుతది. బతికినా ఏమయితదో నాకైతే ఎరుకలే," అని గుంట తీసింది. "నీళ్లు మాత్రం నువ్వే పొయ్యాలె."

ఉగాదికి సారంగపాణి వచ్చి, మాట తప్పినవని అందరి ముందు అని, మిషన్‌ను లారీకెక్కించుకుని హైదరాబాద్ తోలుకుపోయాడు. పర్శరాములు ఎండాకాలమంతా పొద్దుమాపు బిందెతో సడ్డకుడి వాకిట్లోకి పోయి నీళ్లు పోసి వచ్చాడు. వెంకటరాజం పలకరించలేదు. అతను నీళ్లు పోస్తుంటే మాత్రం గడపలో కూర్చుని చూసేవాడు.

వానలు తగ్గాక మన్ను నెర్రెలిచ్చింది. లచ్చవ్వ తవ్వి తీసిన గేరు మునుపటిది కాదు. వెడల్పు పెరిగింది. పళ్లు సన్నగా, దగ్గరదగ్గరగా, చూడముచ్చటగా ఉన్నాయి. ఆకురాయి వేస్తే గీటు కూడా పడకుండా జారిపోయింది. పర్శరాములు తన షెడ్డులోని ప్రతి మిషన్‌కూ పెట్టి చూశాడు. దేనికీ పట్టలేదు. చివరికి వెంకటరాజం లోపలికొచ్చి, ఏళ్ల తర్వాత ఆ షెడ్డులో నిలబడి, గేరును వెలుతురుకెత్తాడు.

"ఇది ఏ మిషన్‌ది గాదు," అన్నాడు. "దీనికి మిషన్ లేదు. మనమే జేయాలె."

"మనమా?"

"బెడ్డు గీకుడు నాతోని ఎక్కడైతది? నువ్వుంటేనే."

ఆ మాట వినడానికి ఇన్నాళ్లు బతికినట్టు అనిపించింది పర్శరాములుకు. అయినా మొహంలో కనపడనీయకుండా, "సూద్దాం తియ్," అన్నాడు.

రెండు షెడ్ల తుక్కూ కుప్ప పోశారు. కాళ్లు ఒక లేతువి, తలకాయ ఇంకోదానిది. నడుమ నడుమ వాదులాడుకున్నారు, మధ్యగోడ కూల్చే దగ్గర రెండ్రోజులు మాటలే బందు పెట్టుకున్నారు. చివరికి ఆ గేరు చుట్టూ ఒక మిషన్ నిలబడింది. గేర్లు కోసే మిషన్. ఏ పాత మిషన్‌కు ఎన్ని పళ్లు కావాలన్నా, ఆ గేరు తిరిగే లెక్కన అన్ని పళ్లు తప్పు లేకుండా కోసిచ్చేది. ఖమ్మం నుంచి, కరీంనగర్ నుంచి విరిగిన గేర్లు రావడం మొదలైంది. లచ్చవ్వ పెరట్లో ఇనుము పాతే పని లేకపోయింది. ఆ మూలన ఆమె వంగ నారు పోసింది.

సారంగపాణి కూడా ఒకరోజు వచ్చాడు. మిషన్ చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఇది ఎవరు జేసిర్రు?" అని అడిగాడు.

పర్శరాములుకు 'నేను' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పక్కకు చూశాడు. వెంకటరాజం పెదాలు కూడా విచ్చుకుని ఉన్నాయి. అతని కళ్లలో ఉన్నదేమిటో పర్శరాములుకు వెంటనే తెలిసింది. ఇన్నేళ్లు తను ఒక్కడే మోశాననుకున్న బరువు అది. గోడవతల అతను కూడా తన చప్పుడు వింటూనే ఉన్నాడన్నమాట.

"మా అన్న జేసిండు," అన్నాడు పర్శరాములు. ఒక్క క్షణం ఆగి, ఉండబట్టలేక, "బెడ్డు మాత్రం నేను గీకిన," అన్నాడు.