మూడు కూతలూ ఒక ఎక్కిలీ

మా వాషింగ్ మిషనుకు పదకొండేళ్లు. మిషన్ల లెక్కలో అది రిటైరై మనవల్ని ఎత్తుకోవాల్సిన వయసు. అయినా పనిచేసేది. బట్టలు పిండే టైం వచ్చిందంటే బాత్రూంలోంచి బయలుదేరి, హాలు దాకా నడిచొచ్చి, కాసేపు టీవీ చూసి ఆగేది. ఉతకడం అయ్యాక మిగతా మిషన్లలా మర్యాదగా మోగేది కాదు. మూడు కూతలు కూసి, నాలుగోది గొంతుకడ్డం పడ్డట్టు ఒక ఎక్కిలి పెట్టేది. దాని మూత మీద నా పదేళ్లప్పుడు నేనే ఒక కాగితం అంటించాను: "ఇచ్చట అల్లరి పిల్లలు ఉతకబడును." మా ఇంటికొచ్చిన పిల్లలు ఎంత అర్జెంటయినా బాత్రూంకి వెళ్లకుండా వాళ్ల ఇళ్లకే పరుగెత్తేవాళ్లు.

అలాంటి మిషను ఒకరోజు తడిబట్టలు కడుపులో పెట్టుకుని మొరాయించింది. ఎన్ని మీటలు నొక్కినా తిరగదు.

ఇంట్లో ఉండేది అమ్మా నేనే. కంపెనీకి ఫోన్ చేస్తే మనిషి వచ్చి చూడటానికే ఒక రేటు చెప్పారు. "చూడటానికే అంతయితే, ముట్టుకుంటే ఇల్లు రాసివ్వాలి" అంది అమ్మ. వీధి చివరి షాపతను మిషను తెచ్చి పడేసి నెల తర్వాత కనబడమన్నాడు. అమ్మకు అదీ నచ్చలేదు.

"ఇంటల్లుడే మెకానిక్కయి ఉండగా బయటివాళ్ల గడప ఎందుకు తొక్కాలిరా?"

ఇంటల్లుడంటే మా అక్క మొగుడు, బావ. ఆయన స్క్రూడ్రైవర్ పడితే చచ్చిన ఫ్రిజ్జు కూడా లేచి కూర్చుని మంచినీళ్లడుగుతుందని అమ్మ నమ్మకం. నాకూ ఆయనంటే ఇష్టమే. బావా బామ్మర్దులం కాబట్టి ఒకరినొకరు ఏడిపించుకోవడం మా ఇద్దరి ఉద్యోగం. ఒకసారి ఆయన సంచిలో స్పానర్లన్నీ తీసేసి ప్లాస్టిక్ చెంచాలు పెట్టాను. ఆ చెంచాలతోనే ఎవరింట్లోనో గీజరు విప్పి బిగించి వచ్చానని ఇప్పటికీ చెప్పుకుంటాడు. నా అల్లరికి ఒకటే రూలు. ఎదుటి మనిషి ముఖం వాడిపోయేలోపు "ఉత్తినే" అనెయ్యాలి.

బావ వచ్చాడు. మిషనును పడుకోబెట్టి, టార్చి వేసి చూసి, పెద్ద డాక్టరులా నిట్టూర్చాడు.

"లాభం లేదత్తయ్యా. గేర్‌బాక్స్ మొత్తం పోయింది. దీనికి పెట్టే ఖర్చుకి కొత్తదే వస్తుంది."

"నువ్వే అలా అంటే ఎలా బాబూ?"

"మీ దగ్గర నాకు అబద్ధమెందుకు చెప్పండి? పాత ఇనుము కింద వేస్తే నాలుగు రాళ్లొస్తాయి. నేనే తీసుకెళ్లి పడేస్తాలెండి."

నేను మూత తట్టి, "పోయి రావే తల్లీ" అని సాగనంపాను. మర్నాడు బావ తెచ్చిచ్చిన నోట్లు అమ్మ లెక్కయినా పెట్టలేదు. "పిల్లలకేమన్నా కొను" అని మళ్లీ ఆయన జేబులోనే పెట్టింది.

మూడు వారాలు అమ్మ చేత్తో ఉతికింది. నాలుగో వారం తడిబట్టల బకెట్టుతో మేడమెట్లు ఎక్కుతూ జారింది. కుడి మణికట్టు విరిగింది. అక్క ఆస్పత్రికి పరుగెత్తుకొచ్చి, అమ్మ కట్టు మీద తల పెట్టి భోరుమంది. "ఊరుకోవే, కట్టు తడిస్తే మళ్లీ కట్టాలి" అని అమ్మే సముదాయించాల్సి వచ్చింది.

అప్పట్నుంచి ఉతుకుడు నాది. చొక్కాలతో నాకు పేచీ లేదు. దుప్పట్లతోనే. దుప్పటి పిండాలంటే ఇద్దరు కావాలి. నేను ఒక కొస కుళాయికి కట్టి పిండేవాణ్ణి. రెండుసార్లు దుప్పటి గెలిచింది. మూడోసారి కుళాయి ఊడి నా చేతికొచ్చింది.

ఒక ఆదివారం అక్క వాళ్లింటికి చెప్పకుండా వెళ్లాను. పెద్ద పనేం లేదు. వెనక గుమ్మంలోంచి దూరి, అక్క ఎదురుపడగానే "భౌ" అనాలి. వంటింటి పక్క చిన్న గదిలో తలుపు వెనక నక్కాను. పక్కనే ఏదో వస్తువు మీద పాత టేబుల్ గుడ్డ కప్పి ఉంది. దాని కింద ఏదో గుర్రుమంటోంది. అక్క అడుగులు వినబడి ఊపిరి బిగబట్టాను.

అప్పుడే అది కూసింది. ఒకటి. రెండు. మూడు. ఎక్కిలి.

గుడ్డ ఎత్తాను. "ఇచ్చట అల్లరి పిల్లలు" వరకూ ఎవరో గీకేశారు. "ఉతకబడును" మాత్రం రాలేదు కాబోలు, అలాగే ఉంది. ఫోన్ తీసి ఫొటో కొట్టాను. తల ఎత్తేసరికి అక్క గుమ్మంలో ఉంది.

"చెప్పకుండా వచ్చావేంట్రా?"

"చెప్పి వస్తే దీన్నెక్కడ దాచేదానివి? మంచం కింద పట్టదు కదా."

"మెల్లిగా. పిల్లలు పడుకున్నారు."

"గేర్‌బాక్స్ పోయిందన్నాడుగా మీ ఆయన?"

"బెల్టు తెగింది." నేలవైపు చూస్తూ అంది. "అరగంట పని."

"కావాలంటే అమ్మని అడగొచ్చు కదే!"

"అడిగాను. రెండుసార్లు. 'మొగుడు మెకానిక్కు, నీకేం లోటే' అని నవ్వేసింది. కవలలురా నాకు. రోజుకి నలభై గుడ్డలు. ఊళ్లో వాళ్ల మిషన్లన్నీ ఈయన తిప్పొస్తాడు, నేను మాత్రం బండకేసి బాదుకోవాలి."

"అమ్మ చెయ్యి విరిగిందే."

"ఇది తెచ్చాక విరిగింది."

"మరి విరిగాక?"

అక్క మూత తీసి తడిగుడ్డలు ఒక్కొక్కటే బయటికి లాగసాగింది. ఆస్పత్రిలో అక్క ఏడ్చింది దొంగేడుపు కాదు. దొంగేడుపులు నాకు తెలుసు, అది నా సబ్జెక్టు. నిజంగానే ఏడ్చింది. ఏడ్చి, ఇంటికొచ్చి, మిషను వేసుకుంది. అదే నాకు మింగుడుపడలేదు.

భుజం మీద తువ్వాలుతో బావ వచ్చాడు. నన్నూ నా చేతిలోని గుడ్డనూ చూసి నవ్వబోయాడు.

"ఏం బామ్మర్దీ, చెంచాల బాకీ తీరిపోయినట్టేనా?"

నేను ఆయన ముఖమే చూస్తూ నిలబడ్డాను. ఇప్పుడంటాడు, ఇదిగో ఇప్పుడంటాడు, "ఉత్తినే" అని.

"అత్తయ్యకి చెప్పకు" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి అమ్మ ఎడమచేత్తో దుప్పటి నానబెడుతోంది. దారంతా కూడగట్టుకున్న మాట కక్కేశాను.

"అమ్మా, మన మిషను అక్క వాళ్లింట్లో ఉంది. నిక్షేపంలా తిరుగుతోంది."

అమ్మ నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత పగలబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ, కదలకుండా కుడిచేతిని ఒళ్లో అదుముకుంది.

"ఇంకా నయం! నడుచుకుంటూ వెళ్లిందన్నావు కాదు. నీ వేషాలకి ఈ చెయ్యి మళ్లీ విరిగేట్టుంది."

చెయ్యి విరిగాక అమ్మ అలా నవ్వడం అదే మొదలు. నా జేబులో ఫొటో ఉంది. ఫోను సగం బయటికి తీశాను కూడా.

"ఉత్తినే అమ్మా" అన్నాను.

దుప్పటి కొస పట్టుకుని కుళాయికి కడుతుంటే అమ్మ అంది. "మళ్లీ ఊడుతుందిరా అది. ఆ కొస పట్టుకోడానికి అక్కని రమ్మని ఫోన్ చెయ్యకూడదూ? పాపం, పిలిస్తే చాలు, పరుగెత్తుకొస్తుంది."

నేను ముడి ఇంకాస్త గట్టిగా బిగించాను.